మా గల్లీ గడపల పెద్దమ్మ

పెద్దమ్మ పోయిన రోజు మా గల్లీలో ఎవరూ తలుపులు వేసుకోలేదు. తెరిచి పెట్టమని ఎవరూ చెప్పలేదు కూడా. దేవిడీ వాళ్లు ఆ పెద్ద దర్వాజ రెండు రెక్కలూ బార్లా తీశారు, పెళ్లికి తీసినట్టు. సేఠ్‌ల ఇంట్లో తీశారు, గుండ్రటి బాల్కనీ ఇంటి టీచరమ్మ తీసింది. పాడె ఒక్కొక్క గడప ముందు ఆగి ఆగి పోయింది. మోసేవాళ్లకు భుజాలు నొప్పి పుట్టి ఉంటాయి. పుట్టనీ. ఆ గడపల్లో చాలావాటి మీద ఆమె చెయ్యి పడింది.

నాకు చదువు రాదు. సంతకం వరకు వస్తుంది, బస్సు మీది నంబరు వస్తుంది. అందుకే నోటితో చెబుతున్నాను, రాసేవాళ్లు రాస్తున్నారు. ఏడుస్తూ చెబుతానని అనుకున్నారేమో, ఏడవను. ఆమె గొప్ప చెప్పడానికే కూర్చున్నాను. పేరు మాత్రం చెప్పను. మా గల్లీలో ఆమెను పేరు పెట్టి పిలిచిన మనిషి లేడు. మాకు పెద్దమ్మ, దేవిడీ వాళ్లకు ఖాలా. నేనిప్పుడు పేరు పలికితే ఎక్కడున్నా లేచి వచ్చి తిడుతుంది.

ముందు గల్లీ గురించి చెప్పాలి, లేకపోతే ఆమె అర్థం కాదు. చార్మినార్ నుంచి నడిచి వచ్చేంత దూరం. రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. ఆ ఇరుకులోనే అన్ని కాలాల ఇళ్లూ ఉన్నాయి. మొదట దేవిడీ, నవాబుల కాలం నాటి పెద్ద బంగళా. గోడంతా గచ్చు పని, అంటే సున్నంతో చేసిన తీగలు, పువ్వులు. కమాన్ల అంచులు నెమలి ఈకల్లా వంపులు తిరిగి ఉంటాయి. దానికి ఎదురుగా సేఠ్‌ల ఇల్లు. బయటి నుంచి చూస్తే ఒట్టి గోడ, చిన్న తలుపు. లోపలికి పోతే టేకు స్తంభాలు, చిలకలు చెక్కిన దూలాలు, నడుమ ఆకాశం కనబడే వాకిలి. ఆ పక్కన టీచరమ్మది. మూల మీద గుండ్రంగా తిరిగిన బాల్కనీ, ఓడకు ఉన్నట్టు గోడ పొడుగునా అడ్డగీతలు, ఇనుప గేటు మీద పొడుస్తున్న సూర్యుడు. సిమెంటు కొత్తగా వచ్చిన కాలంలో కట్టారట. ఇంకా లోపలికి పోతే చూరుకు లేసు లాంటి చెక్క జాలరు కుట్టినట్టున్న ఇల్లు, కిటికీల మీద ఎర్ర అద్దాలు, పచ్చ అద్దాలు. అన్నిటికీ చివర మాది.

మాది ఇల్లు కాదు, ఒకప్పటి బగ్గీ కొట్టం. దేవిడీ వాళ్ల గుర్రబ్బగ్గీ అందులో నిలిచేది. మా మామ తండ్రి ఆ బగ్గీ తోలేవాడు. బగ్గీలు పోయి మోటార్లు వచ్చినప్పుడు కొట్టం ఆయనకే ఇచ్చేశారు. ఉన్నవి రెండు గదులే అయినా ముందు మాత్రం దేవిడీకి చెల్లెలిలాంటి కమాను, దాని కింద ఇంత లావు టేకు దర్వాజ. కొత్తకోడలిగా వచ్చిన రోజు ఆ దర్వాజ చూసి నేను ఎవరో నవాబు ఇంటికి వచ్చాననుకున్నాను. లోపలికి అడుగు పెట్టాక తెలిసింది, రెండు అడుగుల్లో ఇల్లు అయిపోతుందని.

పెద్దమ్మకు ఇవి ఇళ్లు కావు, పెళ్లికొచ్చిన చుట్టాలు. పొద్దున్నే గుడిమల్కాపూర్ మార్కెట్‌లో కొన్న పూల సంచీతో గల్లీలోకి దిగేది. మనిషి వెడల్పుగా ఉండేది. నుదుటి మీద పెద్ద కుంకుమ బొట్టు, ముక్కుకు రెండు వైపులా పుడకలు, మోచేతుల దాకా లాడ్ బజార్ గాజులు. ఆమె రావడం కంటే ముందు గాజుల చప్పుడు వచ్చేది. ఒక్కొక్క ఇంటి ముందు ఆగి, ఇంట్లో మనుషులతో కాదు, ఇంటితో మాట్లాడేది. దేవిడీని చూసి, “ఏం దుల్హన్, మొగం కడుక్కోలేదా?” అనేది. సేఠ్‌ల ఇంటితో, “నగలన్నీ పైట కింద దాస్తె ఎవలు సూస్తరే?” అనేది. టీచరమ్మ ఇల్లు ఆమెకు బొంబాయి పోయొచ్చిన అల్లుడు. జాలరు ఇల్లు దొరసాని. మా కొట్టం దగ్గరికి వచ్చేసరికి నడుం మీద చెయ్యి పెట్టుకుని, “నీకు తలకాయ పెద్దది, కడుపు చిన్నది బిడ్డా” అని నవ్వేది. అది ఇంటిని అన్నదో నన్ను అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒకసారి దేవిడీ గోడకు టైల్స్ వేయడానికి మేస్త్రీ వచ్చి సుత్తితో గచ్చు పూలు రాలగొడుతున్నాడు. ఈమె పూల సంచీ కింద పెట్టింది.

“ఏయ్ భాయ్, ఏం జేస్తున్నవ్?”

“టైల్స్ పెడ్తున్నం అమ్మా. పాత గచ్చు, ఊడుతున్నది.”

“నీ పండ్లు ఊడితే మొగం మీద షాబాద్ బండ అతికిచ్చుకుంటవా?”

పరదా వెనక నుంచి దేవిడీ పెద్దావిడ నవ్వు వినబడింది. “అరే, ఠహ్రో మియా” అని మేస్త్రీని ఆపేసింది. తరువాత సున్నం నానబెట్టించి రాలిన పూల చోట మళ్లీ పూలే చేయించారు. అవి పాతవాటికంటే కొంచెం బొద్దుగా వచ్చాయి. పెద్దమ్మకు నచ్చాయి. “నా లెక్కనే ఉన్నయ్” అంది.

అయితే గల్లీలో ఆమె అసలు కొలువు వేరే. దర్వాజ నిలబెట్టడం. ఎవరింట్లో దర్వాజకు కొత్త చౌకట్టు ఎత్తినా, పాత గడప మార్చినా, గడప కింద నవధాన్యాలు పోసి, పసుపు పూసి, దాని మీద మొదటి చెయ్యి పెట్టేది ఆమే. మొగుడు ఉన్నాడు, కడుపు పండింది, కన్న పిల్లలంతా బతికారు. అలాంటి ముత్తైదువ చెయ్యి పడితే ఇల్లు నిలుస్తుందని అందరి నమ్మకం. ఆమె మొగుడు టోకు బెల్లం దుకాణంలో కూర్చునే సన్నటి మనిషి, మాటే రాదు. “మా ఆయనకు సావనీకి కూడా తీరిక లేదు, గందుకే నాకీ బొట్టు” అనేది. దేవిడీలో కొత్త తలుపు పెట్టినా ఆమెనే పిలిచేవారు. “బిస్మిల్లా మీరు అనుండ్రి, చెయ్యి నేను పెడ్త” అనేది. ప్రతి గడపకూ కొత్త గాజులు వేసుకునేది. ఎవరైనా పిలవడం మరిచిపోతే ఇక ఆ ఇంటితో మాట్లాడేది కాదు. మనుషులతో మాట్లాడేది, ఇంటితో కాదు.

గల్లీలో ఇంకో కట్టుబాటు ఉంది. ఆమె చెయ్యి పెట్టాక, ఆ చెయ్యి పక్కన మొగుడూపెళ్లాలు కూర్చుని చేతులు పెట్టాలి. ఎవరు కూర్చుంటే ఇల్లు వాళ్లది. కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో గల్లీకి అవసరం లేదు. గడప దగ్గర ఎవరు కూర్చున్నారో అందరికీ గుర్తుంటుంది, తరాల దాకా.

మా ఆయన కంచన్‌బాగ్ దిక్కు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. గుండె ఆగి పోయాడు. పిల్లలు లేరు. లాడ్ బజార్ దుకాణాల వాళ్లు లక్క గాజులు ఇస్తే ఇంట్లో కూర్చుని రాళ్లు అతికిస్తాను, అదే నా బతుకు. మా మామ బతికుండగానే పంపకం చేశాడు. మరిదికి ఊరి బయట జాగా, మాకు కొట్టం. అది గల్లీ ఎరిగిన సంగతి. మా ఆయన పోయాక మరిది రాకపోకలు పెరిగాయి. మొదట పండ్లు తెచ్చాడు. తరువాత బిల్డర్‌ను తెచ్చాడు. ఆ బిల్డర్ మా కమాను కింద నిలబడి పైకి చూసి, “ఇది తీసేస్తే నాలుగు అంతస్తులు లేస్తయ్” అన్నాడు. నన్ను చూడనే లేదు.

మరిదికి తోడు వాన. మా గల్లీలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వరు, దాని మీదే వేస్తారు. రోడ్డు లేస్తుంది, ఇళ్లు దిగుతాయి. దేవిడీ ఎత్తు మీద ఉంది కాబట్టి బతికింది. గుర్రం నడిచి రావాలని మా కొట్టం నేలకు సమంగా కట్టారు. నేను వచ్చినప్పుడు రోడ్డు మీది నుంచి నేరుగా గడప దాటేదాన్ని. చివరికి మెట్లు దిగి దాటాల్సి వచ్చింది, బావిలోకి దిగినట్టు. ఒక వానకు నీళ్లు లోపలికి దూకి మంచం కోళ్లు మునిగాయి. లక్క గాజుల డబ్బాలు తేలుతూ వంటింట్లోకి పోయాయి. మర్నాడు నేను బురద ఎత్తిపోస్తుంటే మరిది గడప మీద నిలబడ్డాడు.

“ఎన్నాళ్లు తోడ్తవ్ వదినా? బిల్డర్‌కు ఇచ్చేద్దాం. నీకు పైన ఒక గది ఇప్పిస్త.”

“నాకెందుకు తమ్మీ పైన గది? కింద ఇల్లున్నది గద.”

“ఇది ఇల్లా? మురికి నీళ్ల మోరీ.”

వెనక నుంచి గాజుల చప్పుడు. పెద్దమ్మ చీర మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని బురదలో నిలబడి ఉంది. మరిదిని చూడలేదు. దర్వాజను చూసి, “ఇంటి మీదికి రోడ్డు లేస్తె, ఇల్లు లెవ్వదా?” అంది.

మేస్త్రీని ఆమే పిలిచింది, దేవిడీ గోడ దగ్గర తిట్లు తిన్నవాడినే. అతడు చూసి, కమాను కింద, దర్వాజకు పైన అర్ధచంద్రం లాంటి జాగా ఇటుకలతో మూసి ఉందని, అది తీసేస్తే చౌకట్టు మొత్తం పైకి జరుగుతుందని చెప్పాడు. లోపల మట్టి నింపి నేల లేపాలి, గడపను రోడ్డు కంటే మీదికి ఎక్కించాలి. కమాను తాకాల్సిన పని లేదు. గల్లీ వాళ్లు తలా ఒక చెయ్యి వేశారు. సేఠ్‌లు మట్టి పోయించారు. టీచరమ్మ తన ఇంటి ముందు గది ఇచ్చింది, పని అయ్యేదాకా నా సామాను అక్కడే. దర్వాజ ఊడదీసిన రోజు కమాను నోరు తెరుచుకుని కనబడింది, పళ్లు లేని ముసలిదాని లాగా. నాకు భయమేసింది. దర్వాజ లేని ఇంటికి ఎవరైనా వచ్చి నాదే అనవచ్చు.

అనడానికే వచ్చాడు మరిది. గడప ఎత్తే ముహూర్తం నాటి ఉదయం పట్టుపంచె కట్టుకుని వచ్చాడు. పక్కన తోడికోడలు, పట్టుచీర, తల నిండా మల్లెలు. పూజ సామాను వాళ్లే తెచ్చారు. పీటలు వాళ్లే వేయించుకున్నారు. పంతులు నా వైపు చూసి తల దించుకున్నాడు. మంచివాడే, కాని ఆయనేం చేస్తాడు? ముండమోసిన దాన్ని పీట మీద కూర్చోబెట్టమని ఆయనకు ఎవరు చెబుతారు?

నేను టీచరమ్మ గోడకు ఆనుకుని నిలబడ్డాను. అంతా అర్థమవుతూనే ఉంది. ఇవాళ వాళ్లు ఆ పీటల మీద కూర్చుంటే గల్లీ మొత్తం చూస్తుంది. రేపు బిల్డర్ వస్తే, గడప మీద చెయ్యి పెట్టింది నేనే అంటాడు మరిది. అప్పుడు ఎవరూ కాదనలేరు. నోరు తెరవాలని ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

పెద్దమ్మ వచ్చింది. ఆకుపచ్చ కొత్త గాజులు. మేస్త్రీ మనుషులు గడప చెక్కను చేతుల మీద ఎత్తి పట్టుకుని ఉన్నారు. నవధాన్యాలు పోశారు. దేవిడీ పెద్దావిడ గిన్నెలో పాలు పంపింది. పంతులు మంత్రం చదివి, “పెద్దమ్మా, చెయ్యి పెట్టు” అన్నాడు.

ఆమె పోయి అరుగు మీద కూర్చుంది. చేతులు రెండూ పైట కింద పెట్టుకుంది.

“పెద్దమ్మా, వేళ దాటిపోతది.”

“నా చెయ్యి వస్తలేదు పంతులూ.”

గల్లీ అంతా గుసగుసలు. ఆమె వచ్చి కూడా చెయ్యి పెట్టననడం మా గల్లీలో ఎన్నడూ జరగలేదు. మరిది పీట మీద కూర్చునే నవ్వాడు. “ఏందమ్మా, చెయ్యి నొస్తున్నదా? పర్వాలేదు, మా ఆడామె పెడ్తది.”

“నీ పెండ్లాం ఎప్పుడన్న ఈ గడపకు పసుపు రాసిందా?”

“గిప్పుడు రాస్తది.”

“గిప్పుడు రాస్తె గిప్పటిదే. పాతదెవలు రాసిండ్రు?” గొంతు పెంచింది. అసలే పెద్ద గొంతు, ఇక కమానులో పడి మోగింది. “పంతులూ, నువ్వు రోజూ గుడికి గీ తొవ్వలనే పోతవ్. ప్రతి శుక్రారం గీ గడపకు పసుపు రాసి బొట్లు పెడ్తున్నది ఎవలు?”

పంతులు నా వైపు చూశాడు. “ఈమెనే.”

“మొగుడు పోయినంక గూడ?”

“పోయినంక గూడ.”

“గప్పుడు ఎన్నడన్న ఆపినవా? వద్దమ్మా, నీ చెయ్యి పనికిరాదు అన్నవా?”

“అనలే.”

“గిన్ని దినాలు పనికొచ్చిన చెయ్యి గియ్యాల ఎట్ల పనికిరాదు?”

గడప మోస్తున్న మనిషి, “అమ్మా, ఎవలో ఒకలు జల్ది పెట్టుండ్రి, నా నడుం పోతున్నది” అన్నాడు. ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో నా కాళ్లు కదిలాయి.

తోడికోడలు అడ్డం వచ్చింది. “అపశకునమైతది. రేపు ఈ ఇంట్ల ఏమన్న అయితే?”

పెద్దమ్మ ఆమెను చూసింది. “అయితే నా మీద ఎయ్యుండ్రి. నా చెయ్యి ఆపింది నేను. ఇగ నన్ను ఏ ఇంటికీ పిలవకుండ్రి. పొండ్రి.”

అది ఎంత పెద్ద మాటో గల్లీకి తెలుసు. ఆ పిలుపుల మీదే ఆమె బతుకంతా నడిచింది. ఆ గాజులు, ఆ నడక, ఆ గర్వం అన్నీ వాటివల్లే. నాకోసం ఆ మూట మొత్తం విప్పి రోడ్డు మీద పెట్టింది. ఇక నేను ఆగలేదు. పోయి మరిది పక్కన నిలబడి, “లెవ్వు తమ్మీ, నా పీట” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అతడు గల్లీ మొత్తాన్ని చూశాడు, ఎవరైనా తన తరఫున మాట్లాడతారేమోనని. సేఠ్‌ల పెద్దాయన గొంతు సవరించుకుని, “కానియ్యుండ్రి పంతులూ” అన్నాడు. పంతులు నా అరచేతిలో పసుపు పెట్టాడు.

గడప కిందికి దిగింది. దాని మీద నా చెయ్యి ఉంది. ఒట్టి చెయ్యి, గాజులు లేవు, గాజుల వేడి లక్కకు రాళ్లు అతికించి అతికించి కాలిన వేళ్లు. చెక్క కూర్చున్న చప్పుడు ఒకటి వచ్చింది, లోపల ఏదో గట్టిగా సర్దుకున్నట్టు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చేతిలో ఉంది.

పెద్దమ్మ అప్పుడు పైట కింద నుంచి చేతులు తీసి చప్పట్లు కొట్టింది, పెళ్లి బ్యాండు దగ్గర కొట్టినట్టు. పంతులు మొహంలో నవ్వు ఆగలేదు.

తరువాత ఏ అపశకునమూ కాలేదు. అయింది ఇంకొకటి. పెళ్లి చేసుకోకుండా ఒంటరిగా బతికిన టీచరమ్మ తన మేడ మీద తలుపు మార్చినప్పుడు చెయ్యి తానే పెట్టింది. సేఠ్‌ల ఇంట్లో ముసలి అత్త, నాలాగే మొగుడు పోయిన మనిషి, కొత్త గడపకు తన చెయ్యే కావాలని పట్టుబట్టి కూర్చుంది. ఒక్కొక్కరే పెద్దమ్మను పిలవడం మానేశారు. కోపంతో కాదు, అవసరం పడలేదు. “నా కొలువు ఊడగొట్టినవ్ గదనే” అని నా వీపు మీద గట్టిగా చరిచేది. నొప్పి పుట్టేది. పిలవని ఇళ్లకు కూడా పోయి పక్కన నిలబడి, “ఆ చెయ్యి గట్ల కాదు, నిండుగ పెట్టు” అని చెప్పేది. అందరికంటే ముందు స్వీటు తినేది.

నా గడప నిలబడ్డాక తొలి పెద్ద వాన ఒక మధ్యాహ్నం వచ్చింది. చూస్తుండగానే గల్లీ ఏరైంది. ఎవరివో చెప్పులు, ప్లాస్టిక్ బకెట్, తడిసిన అట్టపెట్టెలు కొట్టుకుపోతున్నాయి. పెద్దమ్మ గోడ పట్టుకుంటూ, తిట్టుకుంటూ నీళ్లలో నడిచి వచ్చి నా కొత్త మెట్లెక్కి గడప దగ్గర కూర్చుంది. ఇద్దరం నీళ్లను చూస్తున్నాం. కింది మెట్టు మునిగింది. దాని మీది మెట్టు మునిగింది. నీళ్లు గడప కింద దాకా వచ్చి, అక్కడ కొంచెంసేపు ఊగి, పక్కకు తిరిగి పోయాయి. లోపల నేల మీద నా గాజుల డబ్బాలు పొడిగా ఉన్నాయి. పెద్దమ్మ నా మోకాలు మీద చెయ్యి వేసి ఒక్కసారి నొక్కింది.

అప్పుడు కనబడ్డాడు మరిది, మోకాళ్ల లోతు నీళ్లలో, నెత్తి మీద సంచీ పెట్టుకుని. ఏ పని మీద వచ్చాడో, వానకు చిక్కుకున్నాడు. ఇదివరకైతే నేరుగా లోపలికి పోయి నా మంచం మీద కూర్చునేవాడు. ఇప్పుడు మెట్ల కింద ఆగాడు. మోరీ నీళ్లు చుట్టూ తిరుగుతున్నాయి. నన్ను చూశాడు, గడపను చూశాడు.

“వదినా, లోపటికి రావొచ్చునా?”

పెద్దమ్మ నా వైపు తిరిగింది. జవాబు నాదే కదా మరి. నేను లేచి లోపలి నుంచి చెంబుతో మంచినీళ్లు తెచ్చి గడప లోపల నిలబడ్డాను.

“రా తమ్మీ. కాళ్లు కడుక్కొని రా.”

కడుక్కున్నాడు.